పేరు పెట్టి పిలుద్దాం



మీలో ప్రతి ఒక్కరికీ ఒక పేరు ఉన్నది. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో ఆ పేరు వ్రాసి, పెద్దలు దానిని మీ చెవిలో చెప్పి ఉంటారు. ఎవరైనా మనలను ఆ పేరుతో పిలిస్తే మనకు సంతోషం కలుగుతుంది. కాని మనలో ఒక చెడ్డ అలవాటు ఉన్నది. కాలు సరిగా లేనివానిని ‘కుంటివాడు’ అనీ, చూపు లేనివానిని ‘గుడ్డివాడు’ అనీ, నిదానంగా నేర్చుకొనేవానిని ‘మొద్దు’ అనీ పిలుస్తాము. కొన్నాళ్ళకు అతని అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. పేరు మరచినచోట మనిషినే మరచిపోవడం ఎంతోసేపు పట్టదు. అలా జరిగిన చోటు మీ సర్రీకి దగ్గరలోనే ఉన్నది. ఆ సంగతి ఈనాడు మీకు చెబుతాను.

సర్రీలో స్కైట్రైను ఎక్కి ఫ్రేజర్ నది దాటితే న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ వస్తుంది. అక్కడ 1878లో ప్రభుత్వం మతిస్థిమితం లేనివారి కోసం ఒక పెద్ద ఆశ్రమం తెరిచింది. తరువాత బుద్ధివికాసం తక్కువగా ఉన్న పిల్లలను కూడ అందులో ఉంచసాగారు. 1950లో దానికి వుడ్‌లాండ్స్ స్కూలు అని పేరు పెట్టారు. పేరుకు అది బడి. కాని అనేకులు చిన్నతనంలో అక్కడికి వెళ్ళి, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు దూరమై, ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయారు. కొందరు దెబ్బలు, అవమానాలు కూడ భరించవలసి వచ్చిందని తరువాత జరిగిన విచారణలో తేలింది.

అక్కడి శ్మశానంలో మూడువేల మందికి పైగా సమాధి అయ్యారు. 1970ల దశకంలో ఆ స్థలాన్ని ఉద్యానవనంగా మార్చుతూ, సమాధి రాళ్ళను పెకలించివేశారు. కొన్ని రాళ్ళను నేలమీద పరిచే పలకలుగా కూడ వాడారు. చూశారా! బ్రతికి ఉన్నప్పుడు చోటు లేదు. చనిపోయిన తరువాత పేరు కూడ లేదు.

మరి ఈ స్థితి ఎలా మారింది? మొదట తల్లిదండ్రులు కదిలారు. మా బిడ్డ మా ఇంట్లోనే పెరగాలి, మా వీధిలోని బడిలోనే చదవాలి అని వారు పట్టుబట్టారు. 1955లో ఈ రాష్ట్రమంతటికీ ఒక సంఘం పెట్టుకొన్నారు. దానినే నేడు ఇన్‌క్లూజన్ బీసీ అంటున్నాము. 1958లో సర్రీ దక్షిణ భాగంలో సెమియామూ హౌస్ అనే సంస్థ ఏర్పడింది.

తరువాత ఆ బిడ్డలే పెద్దవారై తమ మాట తామే చెప్పుకోసాగారు. 1974లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఇటువంటివారు సభ చేసి, తమ సంఘానికి ‘పీపుల్ ఫస్ట్’ అని పేరు పెట్టుకొన్నారు. ‘ముందు మేము మనుషులం’ అని దాని భావం. ఆ ఉద్యమం కెనడాలో కూడ వ్యాపించింది.

ఫలితం ఏమిటంటే, 1996లో వుడ్‌లాండ్స్ మూతపడింది. 2007లో ఆ శ్మశానం ఉన్న చోట స్మారక ఉద్యానం వెలిసింది. దొరికిన సమాధి రాళ్ళను అక్కడ తిరిగి నిలిపారు. 2011లో పాత భవనాన్ని కూల్చివేస్తూ ఉంటే, ఒకప్పుడు అందులో ఉన్నవారు వచ్చి చూశారు. 1974 ఆగస్టుకు ముందు అక్కడ ఉన్నవారికి పరిహారం పొందే హక్కు లేదని చట్టం అడ్డు వచ్చింది. వారు పట్టు వదలలేదు. చివరకు 2018లో వారికి కూడ పదివేల డాలర్ల చొప్పున ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఇప్పుడు దక్షిణ సర్రీలో కోరస్ అనే భవనం ఉన్నది. 2016లో ప్రారంభమైన ఈ భవనంలో 71 వాటాలు ఉన్నాయి. వైకల్యం ఉన్నవారు, లేనివారు అందులో ఇరుగుపొరుగులుగా కాపురం ఉంటారు. ఇక 2021లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం మీ బడులను నడిపే జిల్లా సంస్థ కూడ, అందరికీ అందుబాటు కోసం ఒక సంఘం వేసి, ప్రణాళిక వ్రాసి, ప్రజల సలహాలు వినాలి. మీ బడిలో చక్రాల కుర్చీకి అడ్డం వచ్చే మెట్టు ఉంటే, మీరు కూడ ఆ సంగతి తెలియజేయవచ్చు.

అయితే చట్టం మెట్టును తీయించగలదు గాని, మనసులోని జంకును తీయలేదు. మన ఉగాది సభలకు అందరూ వస్తారు. కాని ‘నలుగురూ ఏమనుకొంటారో’ అని ఒక బిడ్డను ఇంటివద్దనే ఉంచి వచ్చే తల్లి ఉండవచ్చు. ఆ నలుగురిలో మనమూ ఉన్నాము కదా! “ఆంటీ, ఈసారి తమ్ముణ్ణి కూడ తీసుకురండి. మా ప్రక్కన కూర్చుంటాడు” అని మీరు ఒక్కమాట అని చూడండి. అతడు వచ్చినప్పుడు ప్రక్కవారిని కాక అతనినే పలుకరించండి. మాట ఆలస్యమైతే ఆగి వినండి. అడగకుండా అతని కుర్చీని తోయవద్దు. సాయం కావాలా అని ముందు అడగండి.

అన్నిటికంటె ముందు అతని పేరేమిటో తెలుసుకోండి. ఆ పేరుతోనే పిలవండి.