పక్షవాతపు మెదడులో విద్యుత్తు దారి

టెక్కలి దాపున నౌపడ ఉప్పుమళ్లలో నిలిచిన నీటికిని, ఉద్దానపు కొబ్బరితోటల బావినీటికిని విద్యుత్తు విషయమున గొప్ప భేదము కలదు. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా సాగును. మంచినీటిలో అంతగా సాగదు. పక్షవాత రోగులపై జరుగుచున్న ఒక పరిశోధన ఈ చిన్న సూత్రము వద్దనే చిక్కుపడినది. ఆ సంగతినే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

జర్మనీలో నిట్షే, పౌలస్ అను శాస్త్రజ్ఞులు 2000 సంవత్సరమున ఒక ప్రయోగమును ప్రకటించిరి. తలపై రెండు తడి స్పాంజి పలకలనుంచి అతిస్వల్పమైన విద్యుత్తును పంపినచో, కదలికలను నడపు మెదడు భాగపు చురుకుదనము మారునని చూపిరి. ఇప్పటి మోతాదు సాధారణముగా 1 లేక 2 మిల్లీ ఆంపియర్లు, ఇంచుమించు 20 నిమిషములు. పడిపోయిన చేయి లేచుటకు, తడబడు మాట కుదురుటకు వ్యాయామముతోపాటు ఇది తోడ్పడునా యని పరీక్షించుచున్నారు. ఒకరికి గుణము కనిపించును, వేరొకరికి కనిపించదు.

పంపిన విద్యుత్తంతయు మెదడును చేరదు. పలాసలో జీడిపిక్కలు కొట్టువారికి పప్పుకంటె ముందు పెంకుతోనే పని గదా! పుర్రెయు అట్టిదే. చాలభాగము తలచర్మము వెంబడి జారిపోవును. లోనికి దిగినది ఎచ్చట ఎంత చేరెనో పుర్రె తెరువక కొలుచుట కష్టము. కావున ఎమ్మారై చిత్రమును బట్టి తలను కంప్యూటరులో లక్షలకొలది చిన్నముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క విద్యుత్తును ఎంత సాగనిచ్చునో అంకె వేసి లెక్కగట్టుదురు. దీనినే నమూనా యందురు.

ఆరోగ్యవంతుని తలకు ఈ లెక్క చాలవరకు నిలుచును. పక్షవాతము వచ్చి నెలలు గడచినవారి సంగతి వేరు. రక్తమందక చచ్చిన భాగము కరిగి, గుంటపడి, మెదడు చుట్టునుండు ఉప్పని ద్రవముతో నిండును. మెదడు పైపొరలోని బూడిదరంగు పదార్థముకంటె ఆ ద్రవము సుమారు 6 రెట్లు సులువుగా విద్యుత్తును సాగనిచ్చును. వరిమడి గట్టుకు గండిపడినచో నీరు ఆ వైపునకే మళ్లును. గండికి సూటిగా నున్న నేలకు ఎక్కువ, ప్రక్కలకు తక్కువ. మెదడులోను ఇంచుమించు అంతే. విద్యుత్తు వచ్చుదారిలో గుంటకు ముందువెనుకల అంచులందు దాని బలము హెచ్చును, ప్రక్కల తగ్గును. పలకల చోటు మార్చినచో ఈ హెచ్చుతగ్గులును మారును. ఆరోగ్యవంతుని నమూనాను నమ్మి పలకలనుంచినచో, కోరినచోటికి చాలినంత అందకపోవచ్చును.

గుంట యంతయు ద్రవమే యనుకొని లెక్కించుటయు తరచుగా జరుగుచున్నది. నిజమునకు అందులో మచ్చకట్టిన కణజాలమును ఉండును. దాని అంకె నిశ్చయముగా తేలలేదు. అంకె మార్చిన, గుంట దగ్గరి ఫలితము మారును. ఒక్క జవాబునకు బదులు కనిష్ఠ గరిష్ఠములు రెండును చెప్పుటయే నిజాయితీ యని మాకు తోచుచున్నది.

ఇది ఉద్దానమునకు దూరపు ముచ్చట కాదు. దీర్ఘకాలపు మూత్రపిండ వ్యాధి గలవారికి పక్షవాత భయము ఇతరులకంటె ఎక్కువ. ఆ వ్యాధి కొరకే 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి.

పక్షవాతమునకు ఈ విద్యుత్ చికిత్స ఇంకను పరిశోధనలోనిదే. ఎవరైనను యంత్రము అమ్మవచ్చినచో, ఈ రోగి మెదడు చిత్రమును ఎవరు చూచిరి, గుంట ఎచ్చట నున్నదని అడుగుడు. పుర్రె ఎముక తీసి శస్త్రచికిత్స చేయించుకొన్నవారు ఆ మాటను వైద్యునికి మొదటనే చెప్పవలెను. పెంకు లేనిచోట విద్యుత్తు సూటిగా లోనికి దిగును.