చెట్టు తొర్రలో చిలక పిల్ల



ఎండలు ముదురుతున్నాయంటే మన గూడేలకు కొత్త మనుషులు వస్తారు. "చిలక పిల్లలు ఉన్నాయా తమ్ముడూ?" అని అడుగుతారు. చెట్టెక్కి తొర్రలో చెయ్యి పెట్టేది మన పిల్లవాడు. లాభం తీసుకునేది పట్నంలో అమ్ముకునేవాడు. అందుకే ఈ రోజు చిలక పిల్లల గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందాం.

రామచిలుక తనంతట తాను గూడు అల్లదు. పాత చెట్ల తొర్రల్లో, వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన రంధ్రాల్లో నాలుగైదు గుడ్లు పెడుతుంది. సుమారు 23 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అప్పుడు వాటికి ఈకలుండవు, కళ్లు తెరవవు. తల్లీ తండ్రీ తాము తిన్నదాన్ని మెత్తగా చేసి నోట్లో పెడతాయి. ఏడు వారాల తర్వాతే పిల్ల తొర్ర దాటుతుంది.

ఆ పిల్లను మనం ఇంటికి తెస్తే ఏమవుతుంది? పుట్టిన కొత్తలో దానికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. రాత్రీ పగలూ కొద్ది గంటలకోసారి మేత పెట్టాలి. ఆ మేత 40 డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకన్నా వేడిగా ఉంటే గొంతు కింది మేతసంచి కాలుతుంది. చల్లబడితే మేత అరగక అక్కడే పులుస్తుంది. పాలు దానికి పడవు, పక్షులు పాలను అరిగించుకోలేవు. నోట్లో తొందరగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి చనిపోతుంది. పాలలో నానబెట్టిన రొట్టె, పచ్చిమిరపకాయ పెట్టి పెంచేద్దామనుకుంటే కుదరదు.

బతికినా ఇంకో చిక్కుంది. మనిషి చేతిలో పెరిగిన చిలకకు గద్దంటే భయం తెలియదు, అడవిలో మేత వెతకడం తెలియదు. పెద్దయ్యాక వదిలేస్తే బతకడం కష్టం. 20 ఏళ్లకు పైగా బతికే పక్షి అన్నేళ్లూ పంజరంలోనే ఉండాలి.

చట్టం కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. గుడ్లు తీయడం, గూడు చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. కేసంటూ అయితే చెట్టెక్కిన మన పిల్లవాడే ముందు దొరుకుతాడు. నాలుగు రూపాయల కోసం చదువూ ఉద్యోగమూ పోగొట్టుకోవద్దు. పైగా రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి.

మరి గాలివానకు పిల్ల కింద పడితే? ఈకలు రాని పిల్లయితే, గూడు అందే ఎత్తులో ఉంటే మెల్లగా తిరిగి పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఉత్త మాట. ఈకలు వచ్చిన పిల్లయితే దగ్గరి కొమ్మ మీద ఉంచి దూరంగా కనిపెట్టండి. తల్లి రాకపోతే, లేదా గాయముంటే, గుడ్డ పరిచిన అట్టపెట్టెలో వెచ్చగా పెట్టి అటవీ శాఖ వారికి చెప్పండి. నోట్లో నీళ్లు పోయకండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, చిలకల నుంచి మనుషులకు జ్వరాలు వస్తాయి.

అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే అడవి పక్కన నిషి తెగ వారున్నారు. వాళ్ల పెద్దల తలపాగాకు హార్న్‌బిల్ పక్షి ముక్కు అలంకారం. ఆ పక్షులు తగ్గిపోతుంటే వాళ్లే ముందుకొచ్చారు. అసలు ముక్కు బదులు ఫైబర్ ముక్కు పెట్టుకుంటున్నారు. ఒకప్పుడు వేటాడినవారే గూళ్లకు కాపలాదారులయ్యారు, ఆ పనికి జీతమూ అందుకుంటున్నారు. ఆచారం పోలేదు, పక్షీ పోలేదు.

మనకూ అది సాధ్యమే. ఏ మద్దిచెట్టు తొర్రలో ఏ పిట్ట ఉందో మన పిల్లలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఈ ఏడాది ప్రతి గూడెంలో యువకులు తొర్రలున్న పాత చెట్లను లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాయండి. అలాంటి చెట్టును కొట్టనివ్వకండి. ఒక తొర్ర పోతే దాంట్లో ఏటా పెరగాల్సిన పిల్లలన్నీ పోయినట్లే. పిల్లలు కావాలని వచ్చేవారికి "మా దగ్గర అమ్మేవి లేవు" అని అందరం ఒకే మాట చెబుదాం.

చిలక మీద ముచ్చట ఉండటం మంచిదే. ఆ ముచ్చట తీరాలంటే పొద్దున్నే చెట్టు కింద నిలబడి పైకి చూస్తే చాలు.