ఊహ సరకై నిలిచిన వైనము

వ్యాపారమునకు ధనమే మూలమని లోకము తలచుచుండును గాని, ఊహను వస్తువుగా మలచుటకు ధనముకన్న ముందు కావలసినది, చెంతనున్న వనరును కొత్త కంటితో చూడగల దృష్టి. బెల్లపు విపణికి పేరుగన్న అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక యిందుకు నిదర్శనము.

అచటి శిల్పులు తరతరములుగా అంకుడుకఱ్ఱతో లక్కబొమ్మలు చేయుచున్నారు. తరిణెపై గిరగిర తిరుగుచున్న కఱ్ఱకు రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తిపట్టగా, రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి బొమ్మ నంటుకొనును. పిదప మొగలియాకుతో రుద్దగా నిగారింపు వచ్చును.

రసాయనిక వర్ణములు ప్రవేశించి ప్రకృతివర్ణములు వెనుకబడిన కాలమున, ఆ గ్రామమునకే చెందిన సి.వి.రాజు పసుపు, నీలిమందు మొదలగు వానినుండి రంగులు తీయు విధానమును పునరుద్ధరించిరి. పసిపాప నోట బెట్టుకొనినను వెఱపు లేని బొమ్మయే కొనువారికి కావలెననుట అందలి వ్యాపారసూక్ష్మము. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపును, 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారమును లభించినవి.

కొనువాని యవసరము నెఱిగిన ఊహయే సరకై నిలుచును. కావున యువకులారా, ముందు కొలదిపాటి సరకు చేసి, కొనువాని యభిప్రాయమును వినుడు; ఖర్చును, గిట్టుబాటును కాగితముపై లెక్క కట్టుడు; లోపము దిద్దుకొనిన పిదపనే అప్పునకు బ్యాంకు గడప తొక్కుడు. పరీక్షకు నిలిచిన ఊహకే పెట్టుబడి పెట్టుట వివేకము.