ఎక్స్-రే గదిలో తెలుగు

భాషా సంస్కృతులను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము ఎక్స్-రే గదిని గురించి చెప్పబోతున్నాము. వారు మన్నింతురు గాక.

మీలో చాలామంది వలెనే మేమూ ఓడనెక్కిన వారి సంతానము. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి మలయా వెళ్ళి, పేరాక్‌లో కొబ్బరితోటలో పని చేశారు. మేము మూడవ తరము. పగలు సర్కారు బడి, సాయంకాలం తోటలో తెలుగు తరగతి. తరువాత బడిపంతులమై ఆ సాయంకాలపు తరగతినే చాలా ఏళ్ళు నడిపాము. కనుక మా తెలుగులో అతుకులుంటాయి, సర్దుకొనండి. ఉద్యోగం అయిపోయిన తరువాత అబ్బాయి దగ్గరకు ఖతార్‌లోని దుఖాన్ వచ్చి చేరాము.

దుఖాన్ దోహాకు పడమట సుమారు 80 కిలోమీటర్లు. ఒకవైపు సముద్రము, ఒకవైపు ఎడారి, నడుమ నూనె బావులు. ఖతార్‌లో మొట్టమొదట నూనె పడినది అక్కడే. 1949లో ఎగుమతి మొదలయింది. 2012లో అక్కడ ఒక ఆసుపత్రి తెరిచారు. క్యూబా దేశపు డాక్టర్లు, నర్సులు వచ్చి పనిచేసే ఆసుపత్రి అది. వారి ఇంటిభాష స్పానిష్. వచ్చే రోగులలో మన జగిత్యాల, నిజామాబాదు వైపు కూలీలూ, డ్రైవర్లూ ఉంటారు. ఇద్దరి నడుమ ఇంత అరబ్బీ, ఇంత హిందీ, మిగతాది చేతిసైగ.

మా ఇంట సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలలో ఇద్దరు దోహాలో మెడికల్ రేడియోగ్రఫీ చదువుతున్నారు. 2002లో కెనడావారి కళాశాలగా మొదలై, 2022లో విశ్వవిద్యాలయంగా మారిన చోట. ఒక వారాంతం వారొచ్చి, "మాస్టారూ, మాకు పద్యాలు తరువాత. ముందు రోగితో మాట్లాడే తెలుగు నేర్పండి" అన్నారు. యంత్రం సంగతి కళాశాల నేర్పుతుంది, రోగిని ఎలా చూసుకోవాలో కూడా నేర్పుతుంది, అయితే ఇంగ్లీషులో నేర్పుతుంది.

ఛాతీ ఎక్స్-రే తీసేటప్పుడు మనిషి పలకకు రొమ్ము ఆనించి నిలబడాలి. గడ్డం పైకెత్తాలి, చేతులు నడుము మీద పెట్టి మోచేతులు ముందుకు తోయాలి. అప్పుడు రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద నుంచి పక్కకు జరుగుతాయి. కిరణాలు వెనుక నుంచి, ఆరడుగుల దూరం నుంచి వస్తాయి. నిండుగా ఊపిరి పీల్చి, కదలకుండా నిలపాలి. నిలపకపోతే బొమ్మ చెదురుతుంది, మళ్ళీ తీయాలి, మళ్ళీ కిరణాలు తగలాలి. ఒక మాట అర్థం కానందుకు ఆ మనిషి ఒంటికి రెండోసారి కిరణాలన్నమాట.

మేము గొప్పగా "దీర్ఘముగా శ్వాస పీల్చి బంధించండి" అని నేర్పాము. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. మా వీధిలో ఉండే జగిత్యాల డ్రైవరు తమ్ముడు అది విని నవ్వాపుకోలేకపోయాడు. "అట్లంటె ఎవలకు సమజైతది సార్? దమ్ము గట్టిగ తీస్కోండ్రి, ఆపుండ్రి, ఇగ ఇడువుండ్రి, గంతే" అన్నాడు. ఆ మూడు మాటలూ ఇప్పుడు మా తరగతి గోడమీద ఉన్నాయి. మా వ్యాకరణం పుస్తకానికి ఆ భాగ్యం ఏనాడూ కలగలేదు.

పేరు అడగడం ఇంకొకటి. "మీరు ఫలానా వారేనా?" అని అడగరాదు. మనవాళ్ళు తెల్లకోటు ఎదుట దేనికైనా "అవును సార్" అంటారు. మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి అని వారి నోటనే పలికించాలి. పిల్లలు మొదట "నీ పేరేంటి?" అన్నారు. మేము ఆపి "మీ" అనిపించాము. కూలివాడైనా, కాంట్రాక్టరైనా "మీరే".

ఇందులో మా పట్టుదలకు ఒక కారణముంది. మేము చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు మా నాన్నగారిని దగ్గుకని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. చొక్కా విప్పించి నడవాలో నిలబెట్టారు. ఆడా మగా అటూ ఇటూ తిరుగుతున్న నడవా. నంబరు పెట్టి పిలిచారు. భుజం పట్టి పలకకేసి తోశారు. నాన్నగారు ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, ఇక ఆ గుమ్మం తొక్కనన్నారు. తొక్కలేదు కూడా. తరువాత రమ్మన్న తేదీ దాటిపోయింది, జబ్బు ముదిరింది. క్షయ అని తెలిసేసరికి ఆలస్యమయింది. తలుపు మూసి, ఒంటిమీద కప్పుకోను ఒక గుడ్డ ఇచ్చి ఉంటే ఆయన మళ్ళీ వెళ్ళేవారేమో.

ఆడవారిని అడగవలసిన మాట మరీ కష్టము. కడుపులో బిడ్డ ఉన్నదా అని తెలుసుకోకుండా పొట్టకు కిరణాలు పెట్టరాదు. "గర్భవతివా?" అని గట్టిగా అడిగితే పెళ్ళికాని పిల్ల తల దించుకుంటుంది, భర్త పక్కనుంటే ఆమె నోరు విప్పదు. ఆమెను ఒంటరిగా, నెమ్మదిగా, "నెల తప్పిందా అమ్మా? ఇది అందరినీ అడుగుతాము" అనాలి. మా నాయనమ్మ "నీళ్ళోసుకున్నావా" అనేది. ఆ మాట మా పిల్లలకు ఎంత నచ్చిందో!

సీసపు గుడ్డ సంగతి కూడా చెప్పాలి. పూర్వం పొత్తికడుపు మీద అది కప్పేవారు. 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం, అలవాటుగా కప్పనక్కరలేదని ప్రకటించింది. కిరణాల మోతాదు ఇప్పుడు బాగా తగ్గింది, పైగా ఆ గుడ్డ చూడవలసిన చోటునే మరుగుపరచవచ్చు. అయితే పాత అలవాటున్న రోగి "నాకు కప్పలేదేం?" అంటాడు. విసుక్కోకుండా జవాబు చెప్పడం కూడా పాఠమే.

ఇక చివరిది. బొమ్మ తీయగానే ప్రతివాడూ "ఎట్లొచ్చింది సార్?" అంటాడు. ఖతార్‌లో నివాసపు అనుమతికి ఛాతీ ఎక్స్-రే తప్పనిసరి, కనుక ఆ ప్రశ్నలో ఒక్క జబ్బు భయమే కాదు, తెచ్చిన అప్పు, ఇంటి దగ్గర పెళ్ళి కావలసిన చెల్లెలు అన్నీ ఉంటాయి. నేర్చుకునే పిల్లలు జవాబు చెప్పరాదు. "ఏం లేదు" అనీ అనరాదు. "డాక్టరుగారు చూసి మీకే చెబుతారు" అనాలి. ముఖం కూడా మారకూడదు. అద్దం ముందు నిలబెట్టి సాధన చేయించాము.

ఇంత నేర్పిన మేమే ఒక తప్పు చేశాము. మాకు తెలిసిన వంటమనిషి ఒకాయన చాలాకాలంగా దగ్గుతున్నాడు. మా శిష్యురాలు శిక్షణ పొందుతున్న చోటనే ఆయనకు ఎక్స్-రే తీశారని తెలిసింది. ఉగాది నాడు ఆమె మా ఇంటికొచ్చినప్పుడు, పచ్చడి గిన్నె చేతికిస్తూ, మెల్లగా "ఆయనకేమొచ్చిందమ్మా?" అని అడిగాము. మంచికే అడిగాము, అని మా మనసుకు చెప్పుకున్నాము. ఆ పిల్ల గిన్నె కింద పెట్టింది. "మాస్టారూ, మీరు పెద్దవారు. అది నన్ను అడగకండి" అంది. తరువాత, కోపం లేదన్నట్టు, పచ్చడిలో వేపపువ్వు తక్కువైందని చెప్పి ఇంకొంచెం వేయించుకుంది.