నోరు విప్పిననే గదా భాష!

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మన టి. నగరు ఇండ్లలో తరచు కనబడు సంగతి యొకటి మనవి చేసెదము. ఊరినుండి ఉద్యోగమునకై వచ్చిన కుర్రవాడు మాంబళము స్టేషనులో దిగును. ఇంగ్లీషు చదువగలడు, తప్పులేకుండ అర్జీ వ్రాయగలడు. ఇంటర్వ్యూలో “మీ సంగతి చెప్పండి” అనగానే నోరు పెగలదు. వానికి కొరత భాష కాదు, ధైర్యము. నలుగురు నవ్వుదురేమో నను జంకుతో చేతికందిన ఉద్యోగము జారిపోవుచున్నది.

ఈ బిడియము అల్పుల లక్షణ మనుకొనరాదు. గాంధీ మహాత్ముడు లండనులో బారిష్టరు చదువు చదువు దినములలో (1888-91) వెంట్నరున శాకాహారుల సభలో చిన్న ఉపన్యాసము చదువబోయి, చూపు మసకబారి, వణకు పుట్టి, దానిని మిత్రునిచే చదివించినట్లు ఆత్మకథలో వ్రాసికొన్నారు.

మేము రైల్వే గుమాస్తాలము. మా చదువు మెట్రిక్. మాకు ఇంగ్లీషు మాటలాడుట నేర్పినది కౌంటరే. బండి ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారము, చార్జీ ఎంత—అడుగు ప్రశ్నలు పట్టుమని పది. తొలుత చెమటలు పోసినవి. అవే జవాబులు దినమునకు పలుమారులు చెప్పగా చెప్పగా జంకు దానంతట అదే వదలినది. కొద్ది విషయము, ఎక్కువ సాధన—ఇంతే కిటుకు.

1924లో అమెరికాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీగారు టోస్ట్‌మాస్టర్స్ సంఘమును ఈ సాధనకే ప్రారంభించిరి. సభ్యులు వంతులవారీగా కొన్ని నిమిషములు మాటలాడుదురు. పిమ్మట ఒకరు గుణదోషములు చెప్పుదురు. నేడది దేశదేశములలో నున్నది.

మనమును ఆదివారము ఒక గంట కూడుదము. ఎనిమిదిమందికి మించవద్దు. మొదట ఇద్దరిద్దరుగా మాటలాడుకొనవలెను. నలుగురి యెదుట నిలుచుట పిమ్మట. రెండు నిమిషముల మాటను ఇంటివద్ద బిగ్గరగా అనుకొని రావలెను. మాటలాడువానిని నడుమ దిద్దరాదు. ముగిసిన పిదప, అర్థము చెడగొట్టు తప్పు ఒక్కటి మాత్రమే చెప్పవలెను. నవ్వినవారిదే తరువాతి వంతు! అన్నిటికంటె ముందు “అర్థము కాలేదు, మరల చెప్పండి” యను వాక్యమును ఇంగ్లీషులో నేర్పవలెను. ఇది నోటనున్నవానికి సగము భయము తీరును.

పిల్లల బడిలో ఉపాధ్యాయులతో మాటలాడుటకు వెనుదీయు తల్లులకును వేరొక గంట పెట్టుదము.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదని ఉమ్మివేయము గదా! తొలి తప్పును కూడ అట్లే మ్రింగి, రెండవ మాట పలుకుదము. సెలవు.