స్టేప్లర్‌తో కుట్టిన కంది ఆకు: మన పంటల వైరస్‌ల చరిత్ర



ఈ రైతు సభలో మొక్కల వైరస్‌ల గురించి మాట్లాడాలనుకోవడానికి కారణం 2021–22 మిర్చి సీజన్. ఆ ఏడు మానుకోట, భూపాలపల్లి చేన్లలో పూత నిలవలేదు. కౌలుకు భూమి పట్టి మిర్చి వేసినవాళ్లు అప్పుల్లో కూరుకుపోయారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఏ చేను దగ్గర అడిగినా ‘వైరస్ వచ్చింది’ అనేవారు. నిజానికి ఆ నష్టంలో పెద్ద భాగం ఆగ్నేయాసియా నుంచి వచ్చిన కొత్త తామర పురుగుది. దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో బొప్పాయి మీద. అది పూలలోనే చేరి గీకి రసం పీల్చేసింది. అవే చేన్లలో తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ కూడా ఉంది. మన రైతు పై ముడత తామర పురుగుదనీ, కింది ముడత నల్లిదనీ వేరు చేసి చెప్పగలడు. మూడోది వైరస్ ముడత. ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలిచిననాడు ఏ మందు కొట్టినా డబ్బు దండగే.

వైరస్ ఉందన్న సంగతి లోకానికి తెలిసిందే ఒక మొక్క వల్ల. పొగాకు ఆకు మీద పచ్చ, పసుపు మచ్చలు తెచ్చే రోగపు రసాన్ని బాక్టీరియా దూరలేని వడపోతలో పోసినా రోగం అంటుకుంటూనే ఉందని 1892లో ఇవనోవ్‌స్కీ చూపాడు. 1898లో బైయరింక్ అది బాక్టీరియా కానే కాదన్నాడు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కాబట్టి ఇక్కడ ఆగను.

మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. దాన్ని ఛేదించే శక్తి వైరస్‌కు లేదు. గాయమైనా కావాలి, పురుగు నోరైనా కావాలి. లోపలికి చేరాక కణం సరుకుతోనే తన నకళ్లు చేయించుకుంటుంది. కణానికీ కణానికీ మధ్యనున్న సన్నని దారులను తన ప్రొటీన్‌తో వెడల్పు చేసుకుని పక్క కణంలోకి పోతుంది. ఆహారం ప్రవహించే నాళాలు చేరిందంటే చిగుళ్ల దాకా పోతుంది. అందుకే తెగులు ముందు లేత ఆకుల్లో కనిపిస్తుంది. పిచికారీతో వైరస్‌ను చంపలేం. పురుగుల తీరు కూడా ఒక్కటి కాదు. తెల్లదోమ ఒకసారి ఆకుముడత వైరస్‌ను ఎక్కించుకుంటే రోజుల తరబడి మోస్తుంది. పేనుబంక నిమిషాల్లో ఎక్కించుకుని నిమిషాల్లో అంటిస్తుంది. మందు తగిలి చచ్చేలోపే పని కానిచ్చేస్తుంది.

ఇక కంది. జనగామ పత్తి చేన్ల సాళ్ల మధ్య కనిపించే పంట ఇది. గొడ్డుమోతు తెగులు సోకిన కంది గుబురుగా, పచ్చగా పెరుగుతుంది గానీ పూత పూయదు. 1931లోనే బిహార్‌లోని పూసా నుంచి ఈ తెగులు గురించి రాశారు. కంటికి ఆనని ఒక నల్లి దీన్ని మోస్తుందని 1960ల్లో తేలింది. ఆ నల్లి గాలి వాటున చేను నుంచి చేనుకు చేరుతుంది. మన పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడ్డాక వై.ఎల్. నేనె, ఎం.వి. రెడ్డి తెగులును తట్టుకునే కందుల కోసం వేట మొదలుపెట్టారు. గాలి మోసుకొచ్చే నల్లిని ప్రతి మొక్క మీదికీ చేర్చేదెలా? ఆఫీసు స్టేప్లర్ తీసుకుని తెగులు ఆకును లేత కంది మొక్క ఆకుకు కుట్టేశారు. తెగులు ఆకు వాడిపోతుంటే నల్లి లేత ఆకు మీదికి పాకుతుంది. 1976లో ప్రకటించిన ఈ పద్ధతి వేల రకాలను వడపోసింది. వ్యవసాయ పరిశోధనలో ఇంత చవకగా దొరికిన ఇంత పదునైన పనిముట్టు మరొకటి నాకు తెలియదు. ఎండు తెగులునూ గొడ్డుమోతునూ తట్టుకునే ‘ఆశ’ రకం 1993లో విడుదలైంది. వింతేమిటంటే, అప్పటికి గొడ్డుమోతుకు మూలమైన వైరస్ ఎవరికీ దొరకలేదు. అది ఇక్రిశాట్‌లో లావకుమార్, డి.వి.ఆర్. రెడ్డి బృందం, స్కాట్లండ్ శాస్త్రవేత్తల కృషితో 2000 ప్రాంతంలో గాని చిక్కలేదు.

తట్టుకునే మొక్క లోపల ఏం జరుగుతుంది? 1928లో అమెరికాలో వింగార్డ్ ఒక సంగతి గమనించాడు. వైరస్ సోకిన పొగాకు మొక్క కింది ఆకులు రోగంతో ఉన్నా, తర్వాత వచ్చిన పై ఆకులు శుభ్రంగా ఉన్నాయి; మళ్లీ అంటించినా వాటికి అంటలేదు. కారణం తెలియడానికి 70 ఏళ్లు పట్టింది. 1999లో ఇంగ్లండ్‌లో హామిల్టన్, బౌల్కోంబ్ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కనుగొన్నారు. మొక్క వైరస్ ఆర్‌ఎన్‌ఏను తుంచి, ఆ ముక్కలనే ఆనవాలుగా పెట్టుకుని మిగతా వైరస్‌ను పట్టి నరుకుతుంది. దొంగ గుర్తులు చెప్పి ఊరూరా డప్పు చాటింపు వేయించినట్టు ఆ ముక్కలు పై కొమ్మలకూ వెళతాయి. వైరస్‌లు దీన్ని అణచే ప్రొటీన్లనూ తయారు చేసుకున్నాయి. ఇదే కాక, సోకిన కణాలు తామే చచ్చి వైరస్‌ను అక్కడే ఆపడమూ ఉంది. కొన్ని మిరప రకాల్లో వైరస్ వాడుకునే ఒక ప్రొటీన్ ఆకారమే మారిపోయి, కొన్ని వైరస్‌లకు పట్టు దొరకదు.

ఇలా తట్టుకునే రకాలు మన దగ్గరా పుట్టాయి. పెసర పల్లాకు తెగులును తట్టుకునే డబ్ల్యూజీజీ 42 రకం వరంగల్ పరిశోధన కేంద్రంలో పుట్టిందే. అనంతపురంలో 2000లో వేరుశనగను ముంచిన కాండం కుళ్లు వైరస్ మాత్రం ఇంకో హెచ్చరిక చేసింది. వయ్యారిభామ పుప్పొడిలో అది దాగి ఉంటుంది. ఆ మొక్కకు మాత్రం రోగమే కనిపించదు. తామర పురుగుల ఒంటికి అంటిన పుప్పొడి చేలోకి వచ్చి పడింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది. వైరస్ దాగి ఉండే చోట్లైన గట్ల మీది వయ్యారిభామను, నిరుడు మిగిలిన కంది మోళ్లను పీకమని నేను పదే పదే అడిగేది అందుకే.

నిరోధం ఒకచోట నిలిచి మరోచోట ఓడుతుంది. పటాన్‌చెరులో గొడ్డుమోతును తట్టుకున్న కొన్ని కందులు బెంగళూరు ప్రాంతపు గొడ్డుమోతు వైరస్ ముందు పడిపోయాయి. రెండింటినీ తట్టుకున్న ఐసీపీ 7035 మధ్యప్రదేశ్‌లో సేకరించిన నాటు కంది.

అలాంటి నాటు విత్తనం మన దగ్గరా ఉంది: 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిర్చి. దాని విత్తనం రైతులే తరతరాలుగా దాచుకుంటూ వచ్చారు. తెగులు ముదిరిన మిర్చి చేలో ఒక మొక్క నిలబడితే పీకకండి. ముడత తగలకుండా తప్పించుకుందో, నిజంగానే తట్టుకుందో తెల్లదోమలను వదిలి చూస్తేగాని తెలియదు. మిరపలో పరపరాగ సంపర్కం ఎక్కువ కాబట్టి, మొగ్గ విచ్చకముందే ఒక కొమ్మకు పల్చని గుడ్డ సంచి కట్టి ఆ కాయల విత్తనం విడిగా తీయండి. మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం మానుకోట జిల్లాలోనే ఉంది; పరీక్ష అక్కడ కోరదాం. అలాంటి మొక్క చూసినవాళ్లు సభ ముగిశాక నా దగ్గరికి రండి, ఊరు, చేను, విత్తనం ఎక్కడిదన్నది రాసుకుంటాను.