షటిల్ ఆటకు పైకప్పు
(విజయవాడ ఆటోనగర్‌లో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన గ్రామములలో షటిల్ బ్యాడ్మింటన్ అభిమానులకు కొదువ లేదు, కొదువ పైకప్పునకే. బాల్ బ్యాడ్మింటన్‌ను ఆరుబయట ఆడవచ్చును. 16 ఈకలు కూర్చిన షటిల్ బరువు అయిదున్నర గ్రాములకు మించదు. కాలువగట్టు మీది చిరుగాలికే అది దారి తప్పును. కావున ఈ ఆటకు ఎత్తైన కప్పుగల శాల కావలెను. అది ఒక్క అభిమాని వలన నగు పని కాదు. సంపన్నుని చేయూత ఇచ్చటనే అక్కరకు వచ్చును.

2001లో ఆల్ ఇంగ్లండు విజేతయైన పుల్లెల గోపీచంద్‌గారికి 2003లో ప్రభుత్వము గచ్చిబౌలిలో 5 ఎకరములు కేటాయించెను. కట్టడమునకు ధనము చాలక వారు తమ ఇంటిని తాకట్టు పెట్టిరి. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్‌గారు 5 కోట్ల రూపాయలు విరాళమిచ్చిరి. 2008లో అకాడమీ వెలసెను. అచ్చట శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యమును, పి.వి. సింధు 2016 రియోలో రజతమును గెలిచిరి. భూమి ప్రభుత్వముది, ధనము దాతది, దీక్ష క్రీడాకారులది.

మనకు కోట్లు అక్కరలేదు. కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. చుట్టును కొంత ఖాళీ యుండిన చాలును. స్థలమును పంచాయతీ చూపవలెను. ఇనుప కమానులు అతుకగల పనివారు ఈ ఆటోనగర్‌లోనే కలరు. పై ఊళ్లలో స్థిరపడిన మన సంపన్నులను మనమే అర్థింపవలెను. అయితే శాల కట్టి తాళము వేసినచో అది గోదామే యగును. పేదపిల్లలకు, ఆడపిల్లలకు నిత్యము దాని తలుపు తెరచి యుండునట్లు ముందుగనే తీర్మానము గావింపుడని మా మనవి.